సగం పాట

బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఉద్యోగం ఆమెది. చిన్నప్పటి నుంచీ గొంతు పెద్దది కావడంతో ఇంట్లోవాళ్లు లౌడ్‌స్పీకర్ అనేవారు. ఊళ్లోనూ ఆ పేరే స్థిరపడిపోయింది. పొద్దంతా బస్సుల సంగతే చెప్పీ చెప్పీ విసుగెత్తి, ఊరి సంగతులు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా అని, సెలవు రోజుల్లో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టింది. కౌన్సిల్లో ఎవరు అరిచారు, ఎవరు కునుకు తీశారు, ఊళ్లో పాటలు కట్టేదెవరు, వాయించేదెవరు, అన్నీ అందులోకి వచ్చేవి. పడకగది తలుపుకు దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ రికార్డు చేసేది. అయితే అత్తగారి కుక్కర్ కూతకు మాత్రం ఆగాల్సిందే.

మేస్త్రమ్మను ఆ గదికి పిలుచుకొచ్చింది ఆమే. మేస్త్రమ్మ ఇళ్లు కట్టే చోట ఇటుకలు మోసిన మనిషి, పని చేస్తూనే పాటలు కట్టేది. ఆ రోజు కుర్చీలో సర్దుకుని కూర్చుని, వార్డు సభ్యుడి మీద తాను కట్టిన పాట అందుకుంది.

"రోడ్డన్నదే ఎరగని మా వీధికి
నువ్వొస్తివని కొత్త తారు పోసినారయ్యా
నువ్వెళ్లిన మర్నాడే వానకది లేచిపోయె
గోతిలోన నా పెనిమిటి కాలు విరిగెనయ్యా."

"మా ఆయన ఇంకా కర్ర పట్టుకునే నడుస్తున్నాడమ్మా" అని పాట చివర చెప్పింది. ఊళ్లో చాలామంది విన్నారు, నవ్వుకున్నారు, నవ్వి ఊరుకున్నారు.

ఎన్నికలొచ్చాయి. ఒక మధ్యాహ్నం లౌడ్‌స్పీకర్ పనిలో ఉండగా ప్రచారం వ్యాను బస్టాండు పక్కనుంచి వెళ్లింది. డప్పుల హోరులో మేస్త్రమ్మ గొంతు. మొదటి రెండు పంక్తులు, మళ్లీ అవే రెండు, ఆ వెంటనే "మన వార్డు సభ్యుడికే మీ ఓటు". వాన లేదు, గొయ్యి లేదు. మొగుడి కాలు విరిగిందని ఏడ్చిన పాటను ఆ రోడ్డు వేయించినవాడికే పొగడ్తగా మార్చేశారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఒక బస్సు పేరు చెప్పబోయి ఇంకో బస్సు పేరు చెప్పింది.

పని దిగగానే నేరుగా వార్డు సభ్యుడి ఆఫీసుకు వెళ్లింది. ప్రచారం చూసే మనిషి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ పాట ఎవర్నడిగి తీసుకున్నారండీ?"

"మంచి పాట కదమ్మా. ఊరంతా మోగుతోంది, సంతోషించాలి గానీ."

"సగమే మోగుతోంది. మిగతా సగం ఏం చేశారు?"

"మొత్తం వేస్తే ఓట్లెవరు వేస్తారమ్మా?" అని నవ్వాడు. సిగ్గుపడాల్సిన మాటను అంత తేలిగ్గా చెప్పడమే ఆమెకు ఎక్కువ కోపం తెప్పించింది.

అక్కణ్నుంచి మేస్త్రమ్మ ఇంటికి వెళ్లింది. తలుపు వేసి ఉంది. ఆ వీధివాళ్లు మేస్త్రమ్మతో మాటలు మానేశారట. "ఆయన మనిషైపోయావే" అని పక్కింటామె ముఖం మీదే అనేసిందట. తలుపు తీసి మేస్త్రమ్మ అన్న మొదటి మాట ఇది:

"నీ మైకు ముందు పాడకపోతే వాళ్లకి దొరికేదా నా పాట?"

"దొరికేది కాదు పిన్నీ."

"మరి ఇప్పుడేం చేస్తావ్?"

లౌడ్‌స్పీకర్ వెంటనే ఇంటికొచ్చి దుప్పట్లు కట్టింది. ముందు పాట మొత్తం వినిపించింది. తర్వాత వ్యానులో మోగింది వినిపించింది. ఎక్కడ కోశారో చెప్పి, ఆఫీసులో ప్రచారం చూసే మనిషి అన్న మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ ఎపిసోడ్ ఫోన్ల మీద ఇల్లిల్లూ తిరిగింది.

మర్నాడు పైఅధికారి పిలిచాడు. "ఉద్యోగం చేసుకునేవాళ్లకి రాజకీయాలెందుకమ్మా?" అని, మైకు దగ్గర్నుంచి తీసి సామాన్ల గదిలో వేశాడు. ఎవరు ఫోన్ చేయించారో అడిగితే చెప్పలేదు. ఇంట్లో ఈ సంగతి విని అత్తగారు, "ఇన్నేళ్లుగా దాని నోరు మూయించడం నా వల్లే కాలేదు, వాళ్లెంత" అంది. అది మెప్పో దెప్పో లౌడ్‌స్పీకర్ అడగలేదు.

ఆ వారమే వ్యాను మేస్త్రమ్మ వీధికి వచ్చింది. గోతులు తప్పించుకుంటూ నెమ్మదిగా పోతోంది. రెండు పంక్తులు మోగి ఆగగానే, పక్కింటామె గుమ్మంలో నిలబడి మూడో పంక్తి అందుకుంది. ఎదురింటివాళ్లు కలిశారు. రెండోసారి మోగేసరికి వీధి వీధంతా "గోతిలోన నా పెనిమిటి" అని పాడుతోంది. మేస్త్రమ్మ భర్త కర్ర ఊతంతో బయటికొచ్చి వ్యానుకు ఎదురుగా నిలబడ్డాడు. డ్రైవరు పాట ఆపేసి, బండి వెనక్కి తిప్పుకుని పోయాడు. ఆ పాట మళ్లీ ఎక్కడా మోగలేదు.

వార్డు సభ్యుడు మాత్రం గెలిచాడు. రోడ్డు అలాగే ఉంది. క్షమించమని ఎవరూ అడగలేదు. పైగా గెలుపు సభలో పాడమని మేస్త్రమ్మకే కబురు పెట్టారు.

"మొత్తం పాడనిస్తారేమో కనుక్కుని రా నాయనా" అంది ఆమె, వచ్చినవాడితో.

వాడు మళ్లీ రాలేదు. లౌడ్‌స్పీకర్ ఇప్పటికీ సామాన్ల గదిలోనే ఉంది. ఆ పాట సంగతి ఎత్తితే ఇప్పటికీ ఆమె గొంతు లేస్తుంది, బస్టాండు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, మైకు లేకుండానే.