పాకం దించే వేళ

బెల్లం వండే ఒక తాత ఆ పని మానేసి ఏడాదైంది కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు. ఉడుకుతున్న పెనం పక్కన తల కుడివైపుకి వాల్చి కాసేపు నిలబడేవాడు. పాకంలోకి తొంగి చూస్తున్నాడనే అందరం అనుకునేవాళ్లం. ఉన్నట్టుండి "దించండర్రా!" అని కేకేసేవాడు. పాకం ఏనాడూ చెడలేదు.

చెయ్యి తిరిగిన పనివాళ్లు నిర్ణయాలెలా తీసుకుంటారన్నది మేనేజ్‌మెంట్‌లో నా పీహెచ్‌డీ. అనకాపల్లి చుట్టుపక్కల చెరకు ఊళ్లలో కెమెరా పట్టుకుని నెల్లాళ్లు ఆయన వెంట తిరిగాను. తీసిన వీడియోని పనివాళ్లకే చూపించి, ఇక్కడ ఇలా ఎందుకు చేశారని అడగడం మా పద్ధతి.

ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను. తాత తెర వైపు చూడనేలేదు. తల వాల్చి, చెవి దగ్గరగా ఆనించాడు. ల్యాప్‌టాప్‌లో పాకం కుతకుతలాడుతోంది.

"ఇదిగో, ఇప్పుడు దించాల" అన్నాడు.

మరుక్షణం వీడియోలోంచి ఆయన కేకే వినిపించింది.

నేను వీడియో ఆపేశాను. నాకు తెలిసిపోయిందని ఆయనకీ తెలిసింది.

"సూపు ఆనదమ్మా, మూడేళ్లయింది. రైతులకి సెప్పకమ్మా. తెలిత్తే నన్ను పిలవరు" అంటూ నా అరచెయ్యి తడిమి వెతుక్కుని, వేడి బెల్లం ముక్క పెట్టాడు.

నెల్లాళ్ల వీడియోల్లో నాకు దొరికిన కొత్త సంగతి అదొక్కటే. థీసిస్‌లో రాయలేదు.

చదివి మా గైడ్ విసుక్కున్నారు. "అందరికీ తెలిసిందే రాశావు. ఇంత తిరిగి నువ్వు కనిపెట్టిందేంటమ్మా?"

"ఏమీ లేదు సార్" అన్నాను.