తిత్తుల మేస్త్రి, అత్తగారి పాదం

తిత్తుల మేస్త్రి అత్తగారి చేత గానుగెద్దు చాకిరీ చేయిస్తున్నాడని మా వీధిలో ఒక మాట షికార్లు చేస్తోంది. కుళాయి దగ్గర పుట్టిన ఆ మాట ఊరు దాటి ఆయన బావమరిది చెవిన పడింది. వాళ్ళమ్మను తీసుకుపోతానని పెట్టె పట్టుకుని మరీ దిగాడు. ఆ వేళకు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను, కత్తెర అరువడగడానికి వెళ్ళి. మా ఇంట్లో కత్తెరలు లేక కాదు, అది వేరే సంగతి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేస్త్రి మొదట్లో కుర్చీలకు తోలు వేసేవాడు. ఎవరో దానంతటదే వాయించుకునే పాత పియానో అడుగుభాగం తెచ్చి, తోలు చిరిగింది చూడమన్నారు. విప్పాడు. మళ్ళీ కుర్చీల మొహం చూడలేదు. ఆ రకం పియానోలో చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట తిరుగుతుంటే మెట్లు వాటంతటవే అణుగుతాయి. ప్రాణమంతా కింద ఉంటుంది: రెండు పెడళ్ళు, వాటి వెనక గాలి పీల్చే తిత్తులు, అంతా కలిపి పంపు అంటారు. మేస్త్రి ముందుగది నిండా అవే. ఏ తయారీదో చెప్పే చీటీ ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. స్ప్రింగు ఒంపు తడుముతాడు, తిత్తికి అతికిన గుడ్డ గీకి అడుగు రంగు చూస్తాడు, పాత బంకను వాసన చూస్తాడు. ఫలానా కాలంది, ఫలానా పనివాళ్ళదని తేలుస్తాడు. తేలకపోతే తెలీదంటాడు, ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడి లాభం లేదు. ఇక బంక ఉడికే రోజున మా వంటింటి కిటికీ మూసుకోవలసిందే.

మనిషి భారీ. ఆయన పాదం పడితే చిల్లుల సంచీ అయినా పాడుతుంది. తంటా అంతా అక్కడే. బాగుందని ఇచ్చిన పంపు ఒకటి, ఒక బక్కపలచని ముసలాయన ఇంటి నుంచి తిరిగొచ్చింది. ఆయన తొక్కితే పాట సగంలోనే నీరసించిపోతోందట. అప్పటినుంచి ఏ పంపునైనా ముందుగదిలోని తన పియానోకు బిగించి, ఇంట్లో అందరికంటే తేలికైన కాలితో తొక్కించి చూడటం అలవాటైంది. ఆ కాలు అత్తగారిది. ఆవిడకు ఆయాసం రాకుండా చుట్ట చివరిదాకా పాడిందా, పని అయినట్టు. లేదా, మళ్ళీ విప్పడమే. చాకిరీ అంటే ఇదీ.

బావమరిది గుమ్మంలో నిలబడే మొదలుపెట్టాడు.

"ఏం బావా, మా అమ్మ కాళ్ళు అరగదీయడానికేనా ఇక్కడ ఉంచుకుంది?"

"మీ అమ్మనే అడుగు," అన్నాడు మేస్త్రి, తలెత్తకుండా.

"అడిగేదేముంది! లేమ్మా, బట్టలు సర్దుకో. తొక్కడానికి నీ కాళ్ళే కావాలా?" అంటూ తనే కూర్చుని తొక్కాడు. పాట ఇల్లదిరిపోయేలా మోగింది. "ఇదిగో, బ్రహ్మాండంగా ఉంది. ఇక అమ్మతో పనేముంది?"

"ఒరేయ్, నీది కాలా, రోకలా? లేచి అవతలికి జరుగు," అంది తల్లి.

ఆవిడ కూర్చుంది. పాట హుషారుగానే ఎత్తుకుంది. మెల్లగా వాయించాల్సిన చోటికి వచ్చేసరికి నిద్రొచ్చినట్టు సాగి, ఆగిపోయింది.

"ఎడమవైపు గాలి పోతోంది అల్లుడుగారూ. విప్పండి."

"అలాగే అత్తయ్యగారూ."

కొడుకు నోరు తెరవబోయాడు. ఆవిడ తెరవనిస్తేనా! "ఇది పూర్తి కాకుండా నేనెక్కడికొస్తానురా? భోంచేసి బయల్దేరు." కొడుకు భోంచేశాడు. తెచ్చిన పెట్టె ఖాళీగానే పట్టుకుపోయాడు.

ఆవిడ లోపల కునుకు తీస్తుండగా మేస్త్రి ఎడమ తిత్తి ఊడదీశాడు. అరువడిగిన కత్తెర ఒళ్ళో పెట్టుకుని నేను పీట దగ్గరికి జరుపుకున్నాను. తిత్తిని మూసి, గాలి రంధ్రానికి అరచెయ్యి అడ్డం పెట్టి తెరవబోయాడు. పిసరంతైనా కదల్లేదు. ఎక్కడైనా సందుంటే అలా బిగుసుకోదని లోగడ ఆయనే నాకు చెప్పాడు. అయినా కొత్తగా అతికిన గుడ్డ అంచు పట్టుకుని ఊడబీకడం మొదలుపెట్టాడు.

ఇక ఉండబట్టలేక అడిగేశాను. "ఏమయ్యా మేస్త్రీ, ఆవిడ పోతోందన్న గాలి ఎక్కణ్ణుంచి పోతోంది?"

"ఎక్కణ్ణుంచీ పోవట్లేదు పిన్నిగారూ. ఆవిడ కాలి సత్తువే నిరుటికంటే తగ్గింది. ఇంతకంటే పల్చటి గుడ్డ ఉంది, తొక్కితే తేలిగ్గా అణుగుతుంది, వేసి చూస్తాను. ముందు ఆ కత్తెర ఇటివ్వండి."