చెవి పైన పొలుసు

ఎముకల గదిలో పెద్దాయన మాటకు తిరుగులేదు. ఊరి బడిలో ఐదో తరగతితో పలక పక్కన పెట్టిన మనిషి, వైద్య కళాశాల అద్దాల బీరువాల్లోని అస్థిపంజరాలన్నిటికీ తన చేత్తోనే తీగ గుచ్చి నిలబెట్టాడు. కొత్తగా ఎవరొచ్చినా ముందు ఆ కథ వినాల్సిందే.

"ముగ్గురు ప్రిన్సిపాళ్లు నా భుజం తట్టారు. నా చేతిలో ఒక్క ఎముకైనా విరిగిందా?"

నెలాఖరుకు ఉద్యోగ విరమణ. ఆ పేరు చెడకుండా చివరి పుర్రెను విడి ఎముకలుగా విప్పి ఇచ్చి వెళ్లాలని ఆయన ఆశ. అది సుత్తితో అయ్యే పని కాదు. పుర్రె నిండా ఎండు బఠాణీలు పోసి నీళ్లతొట్టిలో ముంచాలి. గింజలు నాని ఉబ్బేకొద్దీ, నిద్రలో పెదవులు విడినట్టు అతుకులు మెల్లగా విచ్చుకుంటాయి.

అన్నీ విచ్చుకున్నాయి. చెవుల పైనుండే పల్చటి రేకులు మాత్రం మొండికేశాయి. పెద్దాయన ఇంకో గుప్పెడు గింజలు కూరాడు. లోపల సన్నగా టిక్కుమంది. ఎముక చిట్లిందా అని ఆయన వంగి చూశాడు.

"తాతగారూ, ఆగండాగండి!" పాఠం చెప్పే డాక్టరమ్మ పరుగున వచ్చింది.

"దీనికింత పొగరేంటమ్మా?"

"ముసలి పుర్రె. మీలాగే బిగుసుకుపోయింది. ఈ రేకు పేరేంటి?"

"స్క్వామా. రోజూ వింటున్నదేగా!"

"లాటిన్‌లో చేప పొలుసని అర్థం. కవచానికి కుట్టే రేకుల్నీ అలాగే అనేవాళ్లట. పొలుసు పక్కదాని మీద వాలి ఉంటుంది కదా? ఇదీ అంతే, పై ఎముక అంచు మీద బయటినుంచి వాలింది. లోపల్నుంచి తోస్తే పగులుతుంది."

పెద్దాయన నీళ్లలోకి చూశాడు. కిటికీ వెలుగు అలల మీద ముక్కలై మెరుస్తోంది. పుర్రె కదిలినట్టు, ఏదో పెద్ద చేప అడుగున ఒత్తిగిలి పడుకున్నట్టు అనిపించింది. గది గోడలు కరిగి ఏరయ్యాయి. దాన్ని లేపకూడదన్నంత మెల్లగా గింజలు తోడేశాడు. రేకు పై అంచు కింద బొటనవేలి గోరు దూర్చి, కాస్త బయటికి ఎత్తి కిందికి జార్చాడు.

ఊడి వచ్చింది. ఎక్కడా చీలిక లేదు. ఇందాకటిది అతుకు సడలిన చప్పుడే. తడి రేకులోంచి ఎండ గులాబీ రంగుగా ఆయన అరచేతిలోకి దిగింది.

ఎవరి చేతినీ ఆ తొట్టి దగ్గరికి రానివ్వని మనిషి పక్కకు జరిగాడు.

"రెండో వైపుది నువ్వు తియ్యమ్మా."

"నా చేతులు వణుకుతాయండీ!"

"వణకనీ. చేప జారకుండా నేను పట్టుకుంటాలే."