మూడో పిలుపు

మొన్న సూర్యాపేటలో సరుకులు కొనడానికి వెళ్తే, బిల్లు కొట్టే అమ్మాయి సబ్బు పెట్టెను ఎర్ర వెలుగు ముందు తిప్పింది. ‘కీక్’ మంది మిషన్. నాకు తెలియకుండానే నా చెయ్యి ఆ పెట్టెను మళ్ళీ ఆమె ముందుకు తోసింది. ఒకసారి అయిపోయిందని చెప్పి ఆ పిల్ల నవ్వింది. పక్కన నా భార్య తల కొట్టుకుంది. పాపం, ఇంట్లోనూ ఆమెకు ఇదే గోల. ఒక్కసారి పిలిస్తే నేను పలకను, మూడోసారి పిలిస్తేనే లేస్తాను. చెవుడేమీ లేదు నాకు. ఇది లలిత మేడం నేర్పిన అలవాటు.

మేడం సూర్యాపేటలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబ్‌కు ఇన్‌చార్జి. కోదాడ మనిషి. నేను రెండువేల పదకొండులో అక్కడ కంప్యూటర్ పనికి చేరాను. కోదాడ, మిర్యాలగూడ ఆసుపత్రుల్లో తీసిన రక్తం సీసాలు ఐసు పెట్టెలో బస్సెక్కి మా దగ్గరికి వచ్చేవి. ప్రతి సీసా మీద నల్లగీతల స్టిక్కరు ఉండేది. ఆ గీతలే రోగి నంబరు. వాటిని చదివే స్కానర్ పాడైతే, కొత్తది తెప్పించే తీరిక మా యజమానికి లేకపోయింది. చివరికి నేనే ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రాం పట్టుకున్నాను. దానికి బటన్లూ బొమ్మలూ ఏవీ ఉండవు. సీసాను ఫొటో తీసి, నల్లటి తెర మీద ప్రోగ్రాం పేరు, పక్కన ఫొటో పేరు టైపు చేసి ఎంటర్ కొట్టాలి. ఫొటోలో గీతలు ఏ మూలనున్నా పట్టుకుని కింద నంబరు వేస్తుంది, దొరక్కపోతే ఊరుకుంటుంది. నాకది భలే ముచ్చటగా ఉండేది. మేడం మాత్రం మొదటిరోజే దాన్ని అనుమానంగా చూశారు.

“మనిషి కనబడకుండా మాట మాత్రం వస్తుందన్నమాట” అన్నారు. “మా అమ్మ చెప్పేది వెంకన్నా, మనిషి కనబడకుండా పిలుపు వినిపిస్తే వెంటనే పలకకూడదని. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు. మనిషి కానిది మూడోసారి పిలవదు.”

ఆ రోజు నుంచి అదే మా ల్యాబ్ నియమం. సీసాకు మూడు ఫొటోలు తీయాలి. మూడింటిలోనూ అదే నంబరు వస్తేనే సీసా పరీక్షకు కదలాలి. నంబరు తేలగానే మేడం ఆ రోగి పేరును పైకి పిలిచి, ఒక్క క్షణం ఆగేవారు. ఎక్కడో కోదాడలో మంచం మీదున్న మనిషి ఇక్కడ పలుకుతాడా? నాకు లోలోపల నవ్వు వచ్చేది. కానీ ఆ క్షణంలో గదిలో ఎవరూ కదిలేవాళ్ళు కాదు, నేను కూడా.

ఒక వానాకాలం మధ్యాహ్నం. కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి, బ్యాటరీ మీద కంప్యూటర్ ఒక్కటే మూలుగుతోంది. మిర్యాలగూడ నుంచి పెట్టె తెచ్చే యాదగిరి వచ్చాడు. వెంట సైదులు అని హాలియా వైపు మనిషి ఉన్నాడు. అతని భార్య సునీతకు నెలలు నిండాయి, ఒంట్లో రక్తం లేదు, తెల్లారితే ఆపరేషన్. మేము ఆమె సీసా పరీక్షించి చెప్తే, బ్లడ్‌బ్యాంకులో దానికి సరిపోయే రక్తం తీసుకుని అతను తిరుగుబస్సు ఎక్కాలి.

ఐసు నీళ్ళు కారుతున్న సీసాను కొత్త స్టీలు ట్రేలో పెట్టి ఫొటో తీశాను. ఎంటర్ కొట్టాను. తెర మీద రెండు నంబర్లు పడ్డాయి.

ఒకటి సునీతది. రెండోది మా జాబితాలో వెతికితే ఈదమ్మ, ఊరు పాలకీడు అని వచ్చింది. ఈదమ్మ చనిపోయిందని నిన్ననే యాదగిరి చెప్పాడు. ఫొటోను పెద్దది చేసి చూశాను, ఒక్కటే స్టిక్కరు ఉంది. మళ్ళీ తీయమన్నారు మేడం. మళ్ళీ రెండు నంబర్లు. మూడోసారీ అంతే.

మేడం మెల్లగా “ఈదమ్మా” అని పిలిచి ఆగారు. ఎవరో పలుకుతారేమోనని నిజంగానే భయపడ్డాను.

“చనిపోయినావిడ మూడుసార్లు పిలిచింది వెంకన్నా” అన్నారు మేడం. “ఇక పలకాల్సిందే.”

చేతికి తొడుగు వేసుకుని సీసాను ఎత్తి తిప్పారు. వెనకవైపు, ట్రే అంచుకు ఆనుకుని ఇంకో స్టిక్కరు ఉంది. అద్దంలా మెరిసే ఆ స్టీలులో దాని నీడ పడింది. మన కంటికి అది మసక మరక, ప్రోగ్రాంకు మాత్రం గీతలు. ఆ గీతలను ఎటునుంచి చదివినా నంబరు ఒక్కటే. పెట్టె అడుగున ఐసు కింద స్టిక్కరు లేని సీసా ఒకటి దొరికింది. మొన్న మిగిలిపోయిన ఈదమ్మ సీసా పెట్టెలోనే ఉండిపోయిందని, కదిలే బస్సులో సునీత స్టిక్కరును పొరపాటున దానికే అంటించానని యాదగిరి చెప్పాడు. మా చేతిలో ఉన్నది ఈదమ్మ రక్తం.

సైదులుకు ఇదేమీ అర్థం కాలేదు. “జర జల్ది ఇయ్యిండ్రి మేడం, ఆమెకేమన్న అయితే ఎట్ల?” అని బతిమాలాడు, తర్వాత అరిచాడు. మేడం అతనితో వాదించలేదు. స్టిక్కరు లేని సీసాను నమ్మలేమని సంచి తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని, వానలోనే మిర్యాలగూడ బస్సెక్కారు.

మంచం మీద సునీత సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మేడం వంగి పేరు పెట్టి పిలిచారు. “ఆఁ” అంది. మళ్ళీ పిలిచారు, “ఉన్న మేడం” అంది. మూడోసారి పిలిస్తే కళ్ళు పూర్తిగా తెరిచి, “గీడనే ఉన్న గద” అంది విసుగ్గా. అప్పుడు సూది గుచ్చి, అక్కడే స్టిక్కరు అంటించారు. ఆ రక్తం గ్రూపు ‘ఓ’. ఈదమ్మది బీ. ఆ మధ్యాహ్నం మేము పలకకపోయుంటే తెల్లారి ఆ మంచం మీద పలకడానికి ఎవరూ ఉండేవారు కాదు. సరిపోయే రక్తం ఎక్కాక సునీతకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్ళారు.

స్టీలులో నీడ సంగతి మేడంకు వివరించి చెప్పాను. అంతా విని, “నీడ సరే, ఆ ట్రేలో అటువైపే తిప్పి పెట్టమని నీకెవరు చెప్పారు?” అన్నారు. నేను ఆ ట్రే తుడిచి పక్కన పెట్టాను.

రెండువేల పద్నాలుగులో మేడం జబ్బుచేసి పోయారు. తర్వాతి వారం ల్యాబ్‌లో ఒక్కణ్ణే కూర్చుని నల్ల తెర ముందు టైపు చేస్తున్నాను, మధ్యాహ్నమే. వెనకనుంచి “వెంకన్నా” అని కోదాడ సాగదీతతో పిలుపు వినిపించింది. పలకలేదు. కాసేపటికి మళ్ళీ అదే గొంతు. భయమేసింది, దానికన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది. చీకటి పడేదాకా కూర్చున్నాను.

మూడో పిలుపు రాలేదు. ఇంట్లో నా భార్య పిలిచినప్పుడల్లా నేను ముందు వినేది ఏ గొంతో ఆమెకు చెప్పలేదు. ఆ మూడో పిలుపు వస్తే మాత్రం పలుకుతాను.