మా సార్ ఆకలి

ఏన్కూరు హైస్కూల్లో మాకు ఇంగ్లీష్ చెప్పిన సార్ పోయారని సోమవారం పొద్దున ఫోనొచ్చింది. చాలాకాలంగా షుగర్, ఆ తర్వాత కిడ్నీలు. తెలిసిన జబ్బే అయినా చేతిలో టీ అలాగే చల్లారిపోయింది.

సార్ తిండి గురించి ఊళ్లో వేడుకగా చెప్పుకునేవారు. విస్తరి ముందు కూర్చుంటే తల ఎత్తేవారు కాదు. ఎడమచెయ్యి విస్తరి చుట్టూ అడ్డం పెట్టుకుని, పక్కవాడు పప్పు కలుపుకునేలోపు పెరుగులోకి వచ్చేసేవారు. "సారుకు తిండి మీద ఆశ జర ఎక్కువే" అని పెద్దవాళ్లు నవ్వేవారు. ఆయనకూ వినబడేది.

ఒకరోజు పాఠంలో ‘రావెనస్’ అనే మాట వచ్చింది. "తోడేలు లెక్క మీదవడి తినే ఆకలిరా అది," అన్నారు. "డిక్షనరీల ఆకలి, దురాశ రెండూ పక్కపక్కనే రాసిన్రు. మీరైతే కలపకుండ్రి."

"ఎట్ల తెలుస్తది సార్?" అని నా పక్కన కూర్చునే అమ్మాయి అడిగింది.

"తినకముందు పక్కోని పళ్లెం దిక్కు చూస్తే ఆకలి. కడుపు నిండినంక గూడ చూస్తే దురాశ." ఆ వెంటనే, "మా హాస్టల్ల ముందు తిన్నోనికే మారు అన్నం దొరికేది. గా ఉరుకుడు ఇంకా పోలే," అని మళ్లీ పాఠంలోకి వెళ్లిపోయారు.

అప్పటినుంచి పెళ్లిళ్లలో ఆయన్ను గమనించేదాన్ని. అందరికంటే ముందు లేచి చెయ్యి కడుక్కుని, సాంబారు బకెట్ పట్టుకుని బంతి వెంట తిరిగేవారు. "సిగ్గువడకు బిడ్డా, ఇంకింత పెట్టించుకో." మణుగూరులో ఒక పెళ్లిలో చివరి బంతికి కూర చాలకపోతే వంటవాళ్లతో కొట్లాడినంత పని చేశారు. అయినా ఊరికి గుర్తుండిపోయింది మాత్రం ఆయన తిన్న వేగమే. అదే నాకు బాధ.

మూడో రోజు పిట్టకు పెట్టారు. ఆయనకు ఇష్టమైనవన్నీ వాగు ఒడ్డున విస్తట్లో వడ్డించి కాకి కోసం నిలబడ్డాం. కాకి ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలినట్టు లెక్క. కాకులు చెట్టు దిగలేదు. "పిల్లల మంచిగ చూసుకుంటమని చెప్పుండ్రి," "ఇల్లు ఎవ్వలకు అమ్మమని చెప్పుండ్రి," అని బంధువులు తలా ఓ మాట అందించారు.

అప్పుడు ఆయన భార్య వచ్చి విస్తరి పక్కన కూలబడ్డారు. డాక్టరు చెప్పిన పిడికెడు అన్నమే రోజూ కొలిచి పెట్టింది ఆమే.

"ఇంకింత పెట్టమని అడిగితే పళ్లెం గుంజుకున్న," అన్నారు ఏడుస్తూ. "ఇగ గుంజుకోను. తినుండ్రి."

గిన్నెలో మిగిలిన అన్నమంతా విస్తట్లో గుమ్మరించారు. మెతుకులు ఆకు దాటి ఇసుకలోకి జారుతున్నా ఆమె చెయ్యి ఆగలేదు.