పక్కింటి అక్క ఎర్రచేప

నా చిన్నప్పుడు నేనాడిన అబద్ధాల్లో చాలావాటికి దెబ్బలు తిన్నాను. ఒక్కదానికి మాత్రం తినలేదు. అది మా పక్కింటి అక్క చేప గురించి ఆడింది.

మేమప్పుడు తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. అక్క వాళ్ళ నాన్నగారు విజయవాడ వెళ్ళినప్పుడు ఆమె కోసం ఒక గాజుతొట్టె, అందులోకి ఒక ఎర్రచేప తెచ్చారు. తర్వాత నెల తిరక్కుండానే ఆయన పోయారు. ఆ ఏడే వాళ్ళమ్మగారికి ఏలూరు ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. తోడుగా వెళుతూ అక్క ఆ తొట్టెను మా ఇంట్లో పెట్టింది. "రోజుకి ఒక్కసారే, చిటికెడు మేత వెయ్యవే. అది అడిగినా వెయ్యకు" అని నవ్వుతూ చెప్పింది.

అది నిజంగానే అడిగేది. నేను దగ్గరకు వెళితే చాలు, గాజుకు మూతి ఆనించి నోరు తెరిచి మూసేది. నాకు ప్రాణం ఉసూరుమనేది. పొద్దున వేసిన మేత చాలదని బడి నుంచి రాగానే మళ్ళీ వేసేదాన్ని. ఎవరూ చూడకుండా అన్నం మెతుకులూ మరమరాలూ కూడా వేశాను. వారం తిరిగేసరికి నీళ్ళు కుడితిలా మారాయి. చేప పొట్ట ఉబ్బి ఒక మూలకు ఒరిగిపోయింది.

మా మావయ్య ఉండి అనే ఊరి దగ్గర చేపల చెరువులు చూసేవారు. అమ్మ కబురు పెడితే మర్నాడే వచ్చారు. ముందు నీళ్ళు వాసన చూశారు. అడుగున గులకరాళ్ళు వేలితో కదిపితే నల్లటి మడ్డి పైకి లేచింది. తర్వాత చేపను తడి చేతిలోకి తీసుకున్నారు. దాని పొలుసులన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"రోజుకి ఎన్నిసార్లు వేస్తున్నావమ్మా మేత?"

"ఒక్కసారే మావయ్యా."

ఆయన ఆ మడ్డి వైపు చూశారు. నా వైపు చూశారు. బకెట్లో నూతి నీళ్ళు పోసి, కొంచెం రాళ్ళ ఉప్పు కరిగించి, చేపను అందులోకి మార్చారు. బతుకుతుందా అని అమ్మ అడిగింది.

"లోపల నీరు పట్టేసిందక్కా. పొలుసు లేచాక బతకడం కష్టం. చెరువుల్లో చాలా చూశాను."

అయినా మూడు రోజులు మా ఇంట్లోనే ఉండి, పూటపూటకీ కాసిని నీళ్ళు తీసి కొత్తవి పోశారు. నేను ఆ బకెట్ దగ్గరే కూర్చునేదాన్ని. చేప నన్ను చూసి మూతి తెరవడం మానేసింది.

మూడో రోజు మధ్యాహ్నం అక్క వచ్చింది. చేప వెల్లకిలా తేలి ఇంకా ఊపిరి తీసుకుంటోంది. అక్క చేతిసంచీ అయినా దించకుండా బకెట్ పక్కన కూలబడింది.

"ఏమైందండీ దీనికి?"

"జబ్బు చేసిందమ్మా. మా మేనకోడలు మూడు రోజులుగా దీన్ని వదిలి కదల్లేదు" అన్నారు మావయ్య. అందులో అబద్ధం లేదు. అక్క నన్ను దగ్గరకు తీసుకుని ఏడ్చింది. సాయంత్రానికి చేప చచ్చిపోయింది.

మర్నాడు బస్సు దాకా మావయ్య వెంట నడిచాను. తిడతారని దారంతా ఎదురుచూశాను. బస్సెక్కే ముందు నా తల మీద చెయ్యి వేశారు. "అక్కతో ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పు తల్లీ" అన్నారు, అంతే.

మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆయన నన్ను కాపాడారనే చాలాకాలం అనుకున్నాను. చెప్పే పని నాకే వదిలేశారని పెద్దయ్యాక తెలిసింది. అక్క జంగారెడ్డిగూడెంలో మనవలతో ఉంటోంది. నెలకోసారి ఫోన్ చేస్తుంది. పక్కన ఎవరుంటే వాళ్ళకి, నా చేపని ఇది ఎంత ప్రాణంగా చూసుకుందో అని చెబుతుంది.

"అక్కా" అంటాను.

"ఏంటే?"

"ఏం లేదు. భోంచేశావా?" అంటాను.