గబ్బిలం కుట్టిన చొక్కా

కాలేజీలో ఆమెను అందరూ గబ్బిలం అనేవారు. వ్యోమగాములకు పనికొచ్చే వస్తువులు తయారుచేసే విద్యార్థుల పోటీకి ఆమె ఒక చొక్కా కుట్టింది. జేబులోంచి పనిముట్టు జారితే ఆ చొక్కా వణికి హెచ్చరించాలి. పరీక్షించడానికి బరువులేని చోటు దొరకదు కనుక, దాన్ని తొడుక్కుని వ్యాయామశాలలో కమ్మీకి తలకిందులుగా వేలాడేది.

పోటీలో అలా వేలాడుతుంటే, న్యాయనిర్ణేతల ముందే జేబులోంచి స్క్రూడ్రైవర్ కిందపడింది. చొక్కా ఉలకలేదు, పలకలేదు.

"ఇక చాల్లేవే, పరువు పోయింది," అంది పోటీ చూడ్డానికి వచ్చిన ఆమె అక్క.

"పడింది స్క్రూడ్రైవరే కదక్కా! పరువు నా దగ్గరే ఉంది," అంటూ ఆమె కుట్లు విప్పింది.

చెమట తగిలి చొక్కా లోపలి కరెంటు తీగ పాడైందని తేలింది. దానికి రబ్బరు తొడుగు వేసి మళ్లీ కుట్టింది.

మరుసటి ఏడాది పోటీలో అక్కే చొక్కా తొడుక్కుని వేలాడింది. స్క్రూడ్రైవర్ జారగానే "అమ్మో, కితకితలే!" అని అరిచింది.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఎందుకు రాలేదో అడిగి తెలుసుకున్నాకే ఆమె ఇంటికి బయలుదేరింది.